చార్మినార్‌కు వీపు తిప్పి నిలబడితే

హిందూపురంలో రాత్రి రైలెక్కితే ధర్మవరం, అనంతపురం, కర్నూలు దాటుకుని తెల్లవారేసరికి కాచిగూడలో దిగుతాం. విహారయాత్రకు పిల్లల్ని ఈ దారిన చాలాసార్లు తీసుకెళ్లాను. చార్మినార్ కనబడగానే అందరి తలలూ పైకే లేస్తాయి. నేను మాత్రం వాళ్లను ఉత్తరం వైపు తిప్పి, కట్టడానికి వీపు పెట్టి నిలబడమంటాను. "ఏంది సార్, చార్మినార్ చూడ్డానికొచ్చి అటు చూడమంటారు?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ నగరం నడిబొడ్డున రాజు ముందుగా తలపెట్టిన బహిరంగ స్థలం ఉన్నది అటువైపే. చార్మినార్ దానికి ఒక కొస మాత్రమే.

పాఠంలోకి వద్దాం. గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. నీటి ఎద్దడి కూడా ఎక్కువైంది. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో మూసీ మీద వంతెన కట్టించాడు. దానినే ఇప్పుడు పురానాపూల్ అంటున్నాం. వంతెన వచ్చాక నదికి దక్షిణాన ఉన్న నేల అందుబాటులోకి వచ్చింది. ఆయన కుమారుడు, అయిదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో అక్కడ కొత్త నగరానికి పునాది వేశాడు. పథకం ప్రధానమంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీది. ఆయన ఇరాన్ నుంచి వచ్చిన పండితుడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తక మార్గం మీద ఒక కూడలిని ఎంచుకున్నారు. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తీసి, అవి కలిసే చోట చార్మినార్ నిలబెట్టారు. ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు, మినార్ల ఎత్తు 48 మీటర్లకు పైనే, పైకి 149 మెట్లు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. ఈ లెక్కలన్నీ పిల్లలు గైడు చెప్పకముందే పుస్తకంలో చదివి ఉంటారు.

వాళ్లు చదవనిది ఉత్తరాన ఉంది. చార్మినార్ కట్టిన మరుసటి ఏడే, అంటే 1592లో, దానికి ఎదురుగా ఒక విశాలమైన మైదానం చుట్టూ నాలుగు కమానులు లేపారు. ఒక్కొక్కటి దాదాపు 60 అడుగుల ఎత్తు. దక్షిణాన ఉన్నది చార్మినార్ కమాను, ఉత్తరాన మచ్లీ కమాను. చేప శుభానికి, సమృద్ధికి గుర్తు కాబట్టి ఆ పేరు. తూర్పున కాలీ కమాను. రాజుగారి నగారాలు మోగిన నౌబత్‌ఖానా అదే. పడమటిది సెహ్‌ర్-ఎ-బాతిల్ కమాను, అంటే మంత్రతంత్రాలను పటాపంచలు చేసేదని అర్థం. అంతఃపురానికి పోయే దారి దానికిందనుంచే. నడుమనున్న ఆవరణను జిలూఖానా అన్నారు. రాజభటులు కవాతు చేసినదీ, కొలువుకు వచ్చినవాళ్లు కాచుకున్నదీ, ఊరి జనం పోగయినదీ అక్కడే. సరిగ్గా మధ్యలో ఒక పెద్ద నీటి హౌజు. దాని తొలి పేరు చార్ సూ కా హౌజ్, నాలుగు దిక్కుల తొట్టి. ఇప్పుడు గుల్జార్ హౌజ్ అంటున్నారు.

నా మనసు ఎప్పుడూ ఈ హౌజు దగ్గరే ఆగిపోతుంది. ఎండలో నడిచి వచ్చిన బాటసారికి, బళ్లు తోలుకొచ్చిన వర్తకుడికి, వాళ్ల పశువులకు ఊరి నడుమ మొదట కావలసింది నీళ్లు. మన అనంత సీమవాళ్లకు ఇది ఒకరు చెప్పాలా? చెరువు ఎండితే ఊరు ఏమవుతుందో మనం పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఆ కట్టడాల పథకంలో నీళ్లకు ఉన్న చోటు 1666 ప్రాంతంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవనో కంట్లో కూడా పడింది. చార్మినార్ పై అంతస్తుల దాకా నీళ్లెక్కించి, అక్కడి నుంచి రాజమందిరాల ఎత్తయిన గదులకు అందించే ఏర్పాటు ఉందని ఆయన రాశాడు. నాలుగు మినార్ల అందం వెనక కాలువల లెక్క కూడా ఉందన్నమాట.

ఆనాటి చరిత్రకారులు ఈ నగరంలో 14,000 దుకాణాలు, ఇంకా మసీదులు, సరాయిలు, స్నానశాలలు, మదరసాలు వేసినట్టు రాశారు. ఆస్థాన లేఖకులకు పెద్ద అంకెలంటే మక్కువ, కాబట్టి 14,000ను నేను పిల్లలతో బట్టీ పట్టించను. కానీ ఆ జాబితాలో ఏమేమి ఉన్నాయో గమనించమంటాను. అంగడి పక్కనే సరాయి, సరాయి పక్కనే బడి. 1595లో కూడలికి కొంచెం ఈశాన్యంగా దారుల్‌షిఫా కట్టారు. రెండంతస్తుల యునానీ ఆసుపత్రి అది. రోగులకు మందిచ్చేవారు, విద్యార్థులకు వైద్యం నేర్పేవారు. నగరం మొదలుపెట్టి నాలుగేళ్లు కూడా పూర్తిగా గడవలేదు. మక్కా మసీదు పని మొదలైంది ఆ తర్వాతి సుల్తాను కాలంలో, 1617 ప్రాంతాన. అది ముగిసింది 1694లో, ఔరంగజేబు హయాంలో. అంటే కొత్త ఊళ్లో ఆ పెద్ద మసీదు కన్నా ఆసుపత్రే ముందు నిలబడింది. మన సొసైటీకి విరాళమిచ్చే పెద్దలు దవాఖానా ముందా, ఇంకొకటి ముందా అని మాట్లాడుకునేటప్పుడు నాకు ఈ తేదీలు గుర్తుకొస్తాయి.

ఇక్కడిదాకా చెప్పడం సులువే. కష్టమైన ప్రశ్న ఒకసారి పెనుకొండ నుంచి వచ్చిన అబ్బాయి అడిగాడు: "ఈ రాజే కదా సార్, మా ఊరి కోట మీదకి వచ్చింది?"

అవును. ఈయనే. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండ రాజధాని అయింది. 1589 ప్రాంతంలో మహమ్మద్ కులీ సైన్యం వచ్చి కోటను చుట్టుముట్టింది. లోపల వెంకటపతిరాయలు ఉన్నాడు. సంధి మాటలతో దొరికిన కొద్దిరోజుల వ్యవధిలో కోటలోకి తిండిగింజలు చేర్చుకున్నారు. జగదేవరాయలు సైన్యంతో వచ్చి కోటను కాపాడాడు. వానలు దగ్గరపడ్డాయి. కృష్ణ పొంగితే వెనక్కి పోయే దారి మూసుకుపోతుందని సుల్తాను ముట్టడి ఎత్తేశాడు. పెనుకొండ నిలిచింది. అయినా 1592 ప్రాంతంలో రాయలు రాజధానిని చంద్రగిరికి మార్చుకున్నాడు. అక్కడ కమానులు లేస్తున్న ఏళ్లలోనే ఇక్కడ రాజధాని కళ తప్పుతోంది.

తరగతిలో రెండు మతాల పిల్లలూ పక్కపక్కన కూర్చున్నప్పుడు ఈ భాగాన్ని దాటేసే మాస్టర్లున్నారు. చాలా ఏళ్లు నేనూ దాటేశాను. అది తప్పని ఆ అబ్బాయి మొహం చూశాక తెలిసింది. దాచినది పిల్లలకు బయట ఇంకెవరో చెబుతారు, చెప్పకూడని తీరులో చెబుతారు. అందుకే ఇప్పుడు మొత్తం చెబుతున్నాను. ముట్టడి సంగతీ చెబుతాను, ఈ సుల్తాను తండ్రి ఇబ్రహీం చిన్నతనంలో ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపిన సంగతీ చెబుతాను. ఆ ఇబ్రహీమే తర్వాత తెలుగు కవులను పోషించాడు, కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి 1565లో కత్తి పట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. రాజుల లెక్కలు రాజ్యం కోసం. పెనుకొండలో షేర్‌ఖాన్ మసీదూ, పార్శ్వనాథుని బసదీ, గగన్‌మహలూ, బాబయ్య దర్గా ఉరుసుకు ఊళ్లు ఊళ్లుగా వచ్చే జనమూ ఇప్పటికీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆ అబ్బాయికి ఇవన్నీ చెప్పాను. "అయితే మా కోట ఓడిపోలేదన్న మాట" అన్నాడు. అతనికి కావలసింది అతను తీసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది.

ఇంకొక పొరపాటును కూడా ఒప్పుకుంటాను. ప్లేగు తగ్గితే కట్టిస్తానని సుల్తాను మొక్కుకుని చార్మినార్ కట్టించాడని ఏళ్ల తరబడి రుజువైన సంగతిలా చెప్పాను. అది జనం నోట నిలిచిన కథ. కట్టడపు సంవత్సరాన్ని మాత్రం "యా హాఫిజ్" అన్న మాటలో దాచారు. అరబ్బీ అక్షరాలకు అబ్జద్ లెక్కలో అంకెలున్నాయి. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. కూడితే 1000. హిజ్రీ 1000 అంటే 1591 అక్టోబరులో మొదలైన సంవత్సరం. ఖురాన్ చదవడం వచ్చిన పిల్లలు ఈ కూడిక చకచకా వేస్తారు, తక్కినవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకుంటారు. హాఫిజ్ అంటే కాపాడేవాడు. అందుకే ప్లేగు కథను నేను పూర్తిగా కొట్టిపారేయను, కథగానే చెబుతాను.

తర్వాతి చరిత్రను త్వరగా ముగిస్తాను. 1687లో గోల్కొండ పడిపోయింది, చౌక్ పడమట ఉన్న రాజమందిరాలు నాశనమయ్యాయి. అసఫ్‌జాహీల కాలంలో రాజధాని హోదా తిరిగొచ్చింది. 1889లో చార్మినార్ నాలుగు వైపులా గడియారాలు పెట్టారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచింది. ఆ తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ మచ్లీ కమానుకు అవతల పత్తర్‌గట్టీ రాతి అంగళ్లను కట్టించింది. మైదానం మాత్రం క్రమంగా దుకాణాల్లోకి, ఇళ్లల్లోకి జారిపోయింది. బజారు పెరుగుతూ ఖాళీ జాగాను తిన్నది, ఎవరూ ఒక్కరోజులో చేసింది కాదు. మన ఊళ్లలో ఈద్గా హద్దులు, ఖబరస్తాన్ గోడలు ఎలా జరుగుతాయో చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఇప్పుడు గుల్జార్ హౌజ్ రోడ్డు మధ్య చిన్న తొట్టి. ఆటోలు, బైకులు దాని చుట్టూ తిరిగి పోతుంటాయి. పోయినసారి పిల్లల్ని దాని దగ్గర నిలబెట్టి, నాలుగు కమానులూ ఒకే చోట నుంచి కనబడతాయేమో చూడమన్నాను. చాలామందికి మూడే దొరికాయి. నాలుగోది బోర్డుల వెనక ఉంది. ధర్మవరం అమ్మాయి ఒకతి, మగ్గం పనివాళ్ల ఇంటి పిల్ల, రెండడుగులు పక్కకు జరిగి, తల వంచి, ఫ్లెక్సీ కింది సందులోంచి చూసి, "అదిగో సార్" అని చెయ్యి చూపింది.