గోలు వేయని వీరుడు

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పాఠశాలలలో సాయంకాలము ఫుట్‌బాలు జట్లు కూర్చునపుడు బాలురందఱును ముందువరుసనే కోరుదురు. గోలు వేసినవానికే గదా చప్పట్లు! వెనుక నిలుచు బ్యాకు స్థానము మిగిలినవాని పాలగును. ఈ తలంపు సరియైనదేనా యని యొక క్రీడాకారుని జీవితమును ముందిడుకొని విచారింపదలచితిమి.

సయ్యద్ నయీముద్దీన్ గారు 1944లో హైదరాబాదునందు జన్మించిరి. వారి బాల్యమున ఆ నగరము ఫుట్‌బాలునకు పెట్టినపేరు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పు గెలిచెను. ఈ రహీం గారు మొదట బడిపంతులు. నయీముద్దీన్ గారును ఆ పోలీసు జట్టున ఆడి, పిదప కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్లలో బ్యాకుగా కీర్తి గడించిరి.

బ్యాకు పని యెట్టిది? ప్రత్యర్థి బంతితో వచ్చునపుడు తొందరపడి మీదికి దుముకరాదు. దుమికి తప్పినచో వెనుక గోలీ యొక్కడే మిగులును. కావున బంతికిని గోలునకును నడుమ నిలిచి, ప్రత్యర్థి వేగమును తగ్గించి, అతనిని మైదానపుటంచునకు నెట్టి, తనవారు వెనుకకు చేరువఱకు ఓర్చుకొనవలెను. తోడి బ్యాకు ముందునకు పోయినచో అతని చోటును తానే కాయవలెను. ఇందు కాలిబలముకన్న నిగ్రహమే ముఖ్యము.

1970లో బ్యాంకాకు నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నయీముద్దీన్ గారు భారత జట్టునకు నాయకులు. మూడవ స్థానమునకు పోటీపడినది జపాను. ఆ దేశము 1968 మెక్సికో ఒలింపిక్సునందు కాంస్యము గెలిచినది. మనవారు 1–0తో నెగ్గిరి. బాలురారా, ఈ లెక్కను చూడుడు: జపాను ఒక్క గోలు వేసియున్నచో ఆట సమమైయుండును. కాబట్టి మనవారు వేసిన ఆ యొక్క గోలునకు విలువ నిచ్చినది వెనుకవారు కాపాడిన సున్నయే. 2023 క్రీడల వఱకు ఫుట్‌బాలునందు భారతమునకు మఱియొక ఆసియా క్రీడాపతకము దక్కలేదు.

ఆ 1970లోనే వారికి అర్జున పురస్కారము లభించెను. తరువాత శిక్షకులై 1990లో ద్రోణాచార్య పురస్కారమును పొందిరి. 2005లో కరాచీయందు వారి శిక్షణలో భారత జట్టు బంగ్లాదేశమును 2–0తో ఓడించి దక్షిణాసియా కప్పు గెలిచెను. అక్కడను ఆ సున్న కనబడుచున్నది.

తల్లిదండ్రులారా, ఆట ముగించి యింటికి వచ్చిన బిడ్డను “ఎన్ని గోలులు వేసితివి?” అని మాత్రమే అడుగకుడు. “ఎన్నిమారులు అడ్డుకొంటివి?” అనియు అడుగుడు. విద్యార్థులారా, రేపు మైదానమున మిమ్ము వెనుక నిలువుమన్నచో చిన్నబోకుడు. జట్టు నమ్మకమంతయు మీచేత నుంచబడినదని యెఱుగుడు.