నూనె సీసా మూత ఆఖరున తీయండి: సైకిల్ డిస్క్ బ్రేకుల అనుభవ పాఠాలు

కర్నూలు, నంద్యాల, కడప ఊళ్లలో సైకిల్ షాపులకు ఇప్పుడు కొత్త రకం బండ్లు వస్తున్నాయి. రాడ్డు బ్రేకూ లేదు, కేబులూ లేదు. లివర్ నుంచి చక్రం దాకా నల్లటి పైపు, దాని నిండా నూనె, చక్రం మధ్యన స్టీలు డిస్కు. తొక్కేవాళ్లు కూడా మారారు. తెల్లవారకముందే ఓర్వకల్లు దాకా పోయొచ్చే ఉద్యోగస్తులున్నారు, ఆదివారం గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగే కుర్రాళ్లున్నారు. ఆ దిగుడులో వాళ్లను కాపాడేది మన చేతిపనే. రాడ్డు బ్రేకుల కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నవాణ్ణి. కొత్తగా పానా పట్టే పిల్లలకు ఉపయోగపడతాయని ఈ మాటలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. బ్రేకు గురించి ఏ ఫిర్యాదు వచ్చినా వెంటనే సిరంజీ తీసి నూనె మార్చే అలవాటు మన షాపుల్లో పాతుకుపోతోంది. అది తప్పు. మోత, రాపిడి, పట్టు లేకపోవడం, మెత్తదనం నాలుగు వేరు వేరు జబ్బులు. బ్లీడింగ్, అంటే నూనెలో చేరిన గాలిని బయటికి తీయడం, ఆ నాలుగో దానికే మందు.

1. ముందు లివర్‌ను అడగండి

బండి నిలబెట్టి, చక్రం బిగించి ఉండగా లివర్ నొక్కి పట్టుకోండి. స్పాంజిలా మెత్తగా ఉండి, నాలుగైదుసార్లు గబగబా నొక్కితే గట్టిపడితే లోపల గాలి ఉన్నట్టే. నొక్కి పట్టుకున్న లివర్ మెల్లగా హ్యాండిల్ వైపు జారిపోతుంటే ఎక్కడో నూనె కారుతోంది. పైపు జాయింట్లు, చక్రం దగ్గర పిస్టన్లూ ప్యాడ్లూ ఉండే క్యాలిపర్ అడుగు తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. లివర్ రాయిలా గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే లోపం నూనెలో లేదు, ప్యాడ్ల మీద ఉంది. లివర్ దూరం పోయినా గట్టిగానే ఆగుతుంటే ప్యాడ్లు అరిగాయో, పిస్టన్లు బిగుసుకున్నాయో చూడాలి. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు కాదు, అయిదు నిమిషాలు పట్టదు.

2. బండిని తలకిందులు చేసే అలవాటు మానండి

పంచరు వేయాలంటే సీటు, హ్యాండిల్ మీద సైకిల్‌ను బోర్లించడం మనకు తరతరాల అలవాటు. హైడ్రాలిక్ బ్రేకు ఉన్న బండికి అది పనికిరాదు. లివర్ దగ్గరి చిన్న తొట్టిలో కాస్త గాలి ఉంటే, బండి నిటారుగా ఉన్నంతసేపు అది పైనే ఉంటుంది. బోర్లిస్తే పైపులోకి ఎక్కుతుంది. స్టాండుకు తగిలించి పని చేయండి. దారిలో తప్పనిసరై బోర్లిస్తే, మళ్లీ నిలబెట్టాక లివర్ గట్టిపడేదాకా నొక్కి చూసుకుని కానీ ఎక్కకూడదు.

3. చక్రం తీశాక లివర్ ముట్టుకోనివ్వకండి

డిస్కు మధ్యలో లేనప్పుడు లివర్ నొక్కితే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు రెండూ అతుక్కుంటాయి. తర్వాత చక్రం దూరదు. షాపులో పిల్లలు సరదాగా నొక్కే చోటు అదే. చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. బస్సు మీద కర్నూలు నుంచి కడపకు బండి పంపేటప్పుడూ అంతే. ఒకవేళ అతుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. ప్లాస్టిక్ టైరు లివర్‌తో మెల్లగా వెనక్కి తోయండి.

4. మన సీమలో మొదటి శత్రువు దుమ్ము

బేతంచర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే చోట్ల, సిమెంటు లారీలు తిరిగే చోట్ల తెల్లటి మెత్తని పొడి రోడ్డంతా పరుచుకుని ఉంటుంది. అది క్యాలిపర్‌లోకి పోయి పిస్టన్ల చుట్టూ పేరుకుంటుంది. పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు. నొక్కినప్పుడు సీలు కొంచెం వంగుతుంది, వదిలితే సర్దుకుంటూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. పొడి పట్టిన పిస్టన్ ఆ కొంచెం కూడా కదలదు. ఒక పక్క ప్యాడ్ డిస్కుకు రాసుకుంటూనే ఉంటుంది.

దీనికి మందు శుభ్రం చేయడమే. ప్యాడ్లు తీసి, లివర్‌ను జాగ్రత్తగా నొక్కి పిస్టన్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి రప్పించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో చుట్టూ తుడవండి. ఆ బ్రేకులో వాడే నూనే ఒక చుక్క అంచుకు పూసి లోపలికి తోయండి. రెండు మూడుసార్లు ఇలా చేసి, మిగిలిన నూనె పూర్తిగా తుడిచేస్తే పిస్టన్లు రెండూ సమంగా కదలడం మొదలుపెడతాయి. కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో వానాకాలం తిరిగిన బండికైతే ముందు ఎండిన మట్టిని నీళ్లతో నానబెట్టి తీయాలి, గోకకూడదు.

5. డిస్కుకు, ప్యాడ్లకు జిడ్డు తగలరాదు

చేతివేళ్ల జిడ్డు కూడా తగలకూడదు. వాటర్ సర్వీసు చేశాక మెరుపు కోసం డీజిలు కొట్టించుకోవడం మోటారు సైకిళ్లకు అలవాటు. ఈ సైకిలుకు అది చేస్తే ప్యాడ్లు పోయినట్టే. చైను నూనె స్ప్రే డబ్బాతో కొట్టకండి, చుక్కలుగా వేయండి.

పైపైన మెరుపెక్కిన ప్యాడ్లను బాగుచేయడానికి మన దగ్గరే మంచి సాధనం ఉంది. పాలిష్ పట్టిన కడప బండ కన్నా చదునైన పీట దొరకదు. దాని మీద గరుకు కాగితం పరిచి, ప్యాడ్‌ను బల్లపరుపుగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్దండి. మెరుపు పోయి మచ్చలేని మసక రంగు అంతటా ఒకేలా రావాలి. ఆ పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తీయండి. నూనె లోపలిదాకా ఇంకిన ప్యాడ్‌ను మాత్రం రుద్దినా కాల్చినా నమ్మలేం, మార్చేయాల్సిందే. బ్రేకులు చేసే షిమానో కంపెనీ లెక్క ప్రకారం ప్యాడ్ మందు, అంటే రాపిడి పొర, 0.5 మిల్లీమీటర్లకు, డిస్కు 1.5 మిల్లీమీటర్లకు అరిగితే తీసేయాలి. డిస్కు మీద రెజిన్ ప్యాడ్లే వాడమని రాసి ఉంటే మెటల్ ప్యాడ్లు వేయవద్దు.

6. రాపిడి వస్తే తెల్ల కాగితం పెట్టి చూడండి

క్యాలిపర్ వెనక తెల్ల కాగితం పట్టుకుని, ఒక కన్ను మూసి డిస్కు అంచు వెంట చూడండి. డిస్కుకు అటూ ఇటూ సన్నని తెల్ల గీత సమానంగా కనబడాలి. ఒక పక్క గీత లేకపోతే క్యాలిపర్ బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని, ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. టార్క్ పానా ఉంటే 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. చక్రం తిప్పినప్పుడు రాపిడి ఒక్కచోటే వచ్చిపోతుంటే వంగింది డిస్కు. దాన్ని శుభ్రమైన గుడ్డతో పట్టుకుని కొంచెం కొంచెంగా సరిచేయాలి.

7. పక్క షాపులో దొరికిన నూనె పోయకండి

మోటారు సైకిల్ షాపుల్లో డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఎప్పుడూ ఉంటుంది. షిమానో, టెక్ట్రో, మగూరా బ్రేకులకు కావలసింది మినరల్ ఆయిల్. శ్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ 5.1 కావాలి, కొత్తగా వచ్చిన కొన్నిటికి మినరల్. ఒకదానికి చేసిన రబ్బరు సీళ్లు రెండోదాన్ని తట్టుకోలేవు. ఉబ్బి, మెత్తబడి, పిస్టన్‌ను పట్టేస్తాయి. ఒకసారి తప్పు నూనె లోపలికి పోతే కడిగితే పోయేది కాదు, బ్రేకే మార్చాల్సి రావచ్చు. లివర్ మీద ఏముందో చదివాకే సీసా తీయండి.

డాట్ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. అందుకే మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బా వాడకూడదు. మినరల్ ఆయిల్ నీళ్లను కలుపుకోదు. అయితే లోపలికి పోయిన నీటిబొట్టు బరువెక్కువ కాబట్టి అడుగుకు, అంటే వేడెక్కే క్యాలిపర్ దగ్గరికే చేరుతుంది. నూనె ఏదైనా శుభ్రత తప్పదు.

8. బ్లీడింగ్ చేయాల్సి వస్తే తొందరపడకండి

మూసిన ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్నివైపులా సమంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పాడు. మన వేలి బలం పైపు గుండా క్యాలిపర్ చేరేది ఆ సూత్రం మీదే. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. గాలి బుడగ ఉంటే మన బలమంతా దాన్ని నలపడానికే సరిపోతుంది.

షిమానో రకానికి పద్ధతి ఇది. చక్రం, ప్యాడ్లు తీసేసి దూరంగా పెట్టండి. పిస్టన్లను పూర్తిగా లోపలికి తోసి, అవి ముందుకు రాకుండా మధ్యలో బ్లీడ్ బ్లాక్ బిగించండి. అరిగిన ప్యాడ్లతోనే నూనె నింపితే, కొత్తవి వేసే రోజు పిస్టన్లు వెనక్కి పోవడానికి చోటుండదు. లివర్‌ను నేలకు సమంగా తిప్పి, పైన గరాటా బిగించండి. కింద నిపుల్‌కు నూనె నింపిన సిరంజీ తగిలించి, కొంచెం వదులు చేసి కింది నుంచి పైకి నెమ్మదిగా తోయండి. గాలి పోయేది పైకే కాబట్టి మనమూ అటే తోయాలి.

ఇక్కడ గరాటాలోకి తలపెట్టి చూడండి. మొదట పెద్ద బుడగలు బుడబుడమని వస్తాయి. తర్వాత ఆవగింజంత, ఆ తర్వాత ఇసుక రేణువంత. ఆగిపోయాయని అనుకున్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో పైపు పొడవునా, క్యాలిపర్ మీద మెల్లగా తట్టండి. గోడలకు అంటుకున్నవి మళ్లీ కదులుతాయి. నిపుల్ మూసి, లివర్‌ను నిదానంగా నొక్కుతూ వదులుతూ, హ్యాండిల్ మీదే ముందుకు వెనక్కి కాస్త వంచి చూడండి. బుడగ రావడం పూర్తిగా ఆగి, లివర్ గట్టిపడ్డాకే గరాటా మూసి తీయాలి. చివరి స్క్రూ చిన్నది, దాని రబ్బరు రింగు ఇంకా చిన్నది. బలం చూపిస్తే తెగుతుంది. డాట్ నూనె బ్రేకులకు రెండు సిరంజీల పద్ధతి వేరుగా ఉంటుంది. ఆ నూనె పెయింటును తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

9. కొత్త ప్యాడ్లకు డిస్కుతో పొత్తు కుదర్చాలి

కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే పట్టు రాదు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా గట్టిగా వేగం తగ్గించండి. ఇరవైసార్లు, ఒక్కో బ్రేకు విడిగా. ప్యాడ్ మందు సన్నని పొరగా డిస్కుకు అంటుకుంటుంది. ఆ పొర మీదే పట్టు వస్తుంది. వేడి డిస్కు మీద నీళ్లు పోయకండి, వేలూ పెట్టకండి.

10. ఘాటు సంగతి చెప్పి బండి అప్పగించండి

మనిషీ బండీ కలిపి 90 కిలోలు, 200 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే శక్తి అర లీటరు నీళ్లు మరిగించడానికి సరిపోతుంది. గాలి కొంత తీసుకున్నా, మిగిలిందంతా అరచేయంత డిస్కుల మీదే పడుతుంది. కడప, రాయచోటి మధ్య లారీలతో కలిసి గువ్వలచెరువు ఘాటు దిగేవాళ్లకు, నల్లమలలో నంద్యాల, గిద్దలూరు మధ్య దిగేవాళ్లకు ఈ లెక్క చెప్పండి. బ్రేకును సన్నగా పట్టుకుని దిగకూడదు. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించి, వదిలేసి డిస్కును చల్లారనివ్వాలి. లివర్ మెత్తబడుతున్నట్టు అనిపిస్తే పక్కకు ఆపి కూర్చోవాలి.

మన దగ్గర మామూలుగా కుడి లివర్ ముందు చక్రానిది. బయటి పద్ధతిలో బిగించిన బండికి ఎడమది ముందుది కావచ్చు, ఓనరుకు చూపించండి. బ్లీడింగ్ చేసిన బండిని ఆ సాయంత్రమే ఇవ్వవద్దు. రాత్రంతా లివర్‌ను రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టి ఉంచండి, పొద్దున జాయింట్లన్నీ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి, మీరే వీధి చివరిదాకా తొక్కి రండి. ఓనరు తొందరపెట్టినా ఈ ఒక్క రాత్రి వదులుకోకండి.