ముందు గేటు దగ్గర కూర్చో

చిరంజీవి మేనల్లుడికి,

నీ మెయిల్ చదివాను. ఆర్మీ నుంచి బయటికొచ్చి మొజాంబిక్ గ్యాస్ ప్రాజెక్టులో సెక్యూరిటీ కన్సల్టెంటుగా చేరతానంటున్నావు. జీతం గురించి పేజీ నిండా రాశావు, పని గురించి ఒక్క ముక్కా లేదు. అది నేను రాస్తాను.

2013 జనవరి 16న అల్జీరియాలో ఇన్ అమెనాస్ గ్యాస్ ప్లాంటు మీద దాడి జరిగింది. దాదాపు 40 మంది పోయారు. ఆ ప్లాంటులో భాగస్వామి అయిన స్టాటాయిల్ కంపెనీ వేయించిన విచారణ నివేదిక దొరుకుతుంది, పూర్తిగా చదువు. చుట్టూ ఎడారి, ఆ ఎడారిలో సైన్యం. ఇంకేం కావాలి అనుకున్నారు. సైన్యాన్ని అంతగా నమ్ముకోవడం సబబేనా అని నివేదిక నిలదీసింది. ఆ తెల్లవారుజామున అలారం మోగించింది ఓ స్థానిక గార్డు. అతన్ని కాల్చి చంపారు.

అందుకే ఏ సైటుకి వెళ్ళినా ముందు గేటు దగ్గర కూర్చో. గార్డు జీతంలో మధ్యలోవాళ్ళు ఎంత నొక్కేస్తున్నారు? రాత్రి షిఫ్టులో టీ అందుతోందా? వాకీటాకీలో చార్జింగ్ ఉందా? మీట నొక్కితే సైరన్ నిజంగా మోగుతుందా? నువ్వే నొక్కి చూడు. కెమెరాలు, డ్రోన్ల సంగతి తర్వాత. అవి అమ్మేవాళ్ళు నిన్నెలాగూ వదలరు.

ఇక నువ్వు వెళ్ళబోయే చోటు. మన ఓఎన్‌జీసీ విదేశ్‌కీ ఆ ప్రాజెక్టులో వాటా ఉంది. 2021 మార్చి 24న సాయుధులు ప్లాంటు పక్కనున్న పాల్మా ఊరి మీద పడ్డారు. కాంట్రాక్టర్ల మనుషులు ఊళ్ళో హోటల్లో చిక్కుకుపోయారు. తెగించి బళ్ళలో బయల్దేరితే దారిలో కాపుకాసి కొట్టారు. ఏప్రిల్‌లో, ప్రాజెక్టు నడిపే టోటల్ కంపెనీ తన సిబ్బందినంతా వెనక్కి రప్పించింది. కాబట్టి తరలింపు జాబితా చేతికొచ్చిన రోజే చూడు: సబ్‌కాంట్రాక్టరు వంటవాడు, డ్రైవరు అందులో ఉన్నారా? ఏజెంటుకి డబ్బు కట్టి మన వైపు నుంచి వచ్చే వెల్డరు పేరు అలాంటి కాగితాల్లో తేలిగ్గా జారిపోతుంది.

ఒప్పందంలో ఇంకొకటి వెతుకు. సైటు ఖాళీ చేయించే అధికారం ఎవరిదని రాశారు? ప్రొడక్షన్ మేనేజరుది మాత్రమే అయితే, నువ్వు అక్కడ ఉత్త సలహాదారువే. మార్చమని అడుగు, మార్చకపోతే మానెయ్. సంతకానికి ముందు ఆ పేజీ నాకు పంపు.

మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో. నా నెత్తిన పెట్టకు.

ఆశీస్సులతో,
మామయ్య