కంప్యూటర్‌లో చోటు చెయ్యడం: ఏది తీసెయ్యాలి, ఏది ఉంచాలి

పోయిన నెల మన గోడపత్రిక దాదాపు ఆగిపోయింది. ఈసారి వ్యాసాలు ఆలస్యంగా ఇచ్చినవాళ్ళ తప్పేమీ లేదు. విభాగం కంప్యూటర్‌లో మూడో పేజీ టైపు చేసి సేవ్ నొక్కితే, డిస్కులో చోటు లేదంది. మళ్ళీ నొక్కినా అదే మాట.

పక్కన కూర్చున్న స్నేహితురాలు ఒక ఫోల్డర్ చూపించి, "ఏమే, ఇదే పెద్దగా ఉంది. 6 జీబీ. పాతది కదా, తీసేద్దామా?" అంది. తెరిచి చూశాను. సీనియర్ అక్కలు ఇంటింటికీ వెళ్ళి రికార్డు చేసుకొచ్చిన పెళ్ళిపాటలు, మంగళహారతులు. పాడిన అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. దీనికి ఇంకెక్కడా కాపీ లేదు. నిజం చెప్పాలంటే, ఆ తొందరలో నేనూ సరే అనేదాన్నే. ఇంతలో మేడమ్ వచ్చి, "ముందు ఏది ఎంత చోటు తింటోందో చూడండమ్మా" అన్నారు. చూశాక తెలిసిన సంగతే ఈ పాఠం.

చోటు ఎక్కడికి పోయింది?

మన విభాగంలో ఉన్నది ఉబుంటు. 2004లో వచ్చిన ఈ వ్యవస్థను, 1993లో మొదలైన డెబియన్ మీద కట్టారు. తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి విద్యార్థులకు ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లు గుర్తున్నాయా? వాటిలో విండోస్ పక్కనే ఉండే బాస్ కూడా డెబియన్ నుంచి వచ్చిందే. కాబట్టి ఇంట్లో అక్క ల్యాప్‌టాప్ వాడుకునేవాళ్ళకీ ఇది పనికొస్తుంది.

వీటిల్లో సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే పని ఆప్ట్‌ది. దీన్ని ప్యాకేజీ మేనేజర్ అంటారు. ప్యాకేజీ అంటే ఒక మూట అనుకోండి. మనం ఏదైనా సాఫ్ట్‌వేర్ అడిగితే ఆప్ట్ ముందు దాని మూటను నెట్ నుంచి దింపుతుంది, తర్వాత విప్పి లోపలి ఫైళ్ళను ఎక్కడివక్కడ సర్దుతుంది. చిక్కేంటంటే, సర్దడం అయిపోయినా మూట గోదాములో ఉండిపోవచ్చు. వార్ ఫోల్డర్‌లో క్యాష్, దానిలో ఆప్ట్, దానిలో ఆర్కైవ్స్. అదే ఆ గోదాము.

ఆప్ట్ అని మాత్రమే కొట్టి సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే, ఇప్పటి వెర్షన్లలో పని కాగానే మూట దానంతటదే పోతుంది. ఆప్ట్-గెట్ అని కొడితే ఉంచేస్తుంది. మన కంప్యూటర్‌లో ఏళ్ళుగా ఆప్ట్-గెట్టే వాడారు. ప్రతి అప్‌డేట్‌కీ కొత్త మూట చేరింది, పాతది కదల్లేదు. ఒక్క లిబ్రెఆఫీస్‌వే నాలుగు వెర్షన్ల మూటలు కనిపించాయి. గోదాము మొత్తం కొలిస్తే 5.8 జీబీ! మన పాటల ఫోల్డర్ అంత.

మూడు కమాండ్లు

కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. మీరు టెర్మినల్ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. ముందు సుడో అని ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు తెర మీద ఏమీ కనపడదు, కంగారు పడకండి.

ఒకటి, సుడో ఆప్ట్-గెట్ క్లీన్. గోదాములోని మూటలన్నీ పోతాయి. మనం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కటి కూడా పోదు, ఎందుకంటే అది ఎప్పుడో విప్పి సర్దేసింది. ఏదైనా మళ్ళీ పెట్టాల్సి వస్తే మూటను మళ్ళీ దింపుకోవాలి, అంతే.

రెండు, సుడో ఆప్ట్-గెట్ ఆటోక్లీన్. ఇది సర్వర్‌లో ఇక దొరకని పాత వెర్షన్ల మూటలనే తీసేస్తుంది. ఇప్పటి మూటలు ఉంటాయి. హాస్టల్‌లో ఫోన్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్ళకి ఇదే మేలు. దీనికి ముందు సుడో ఆప్ట్-గెట్ అప్‌డేట్ కొడితే, ఏది పాతదో దానికి సరిగ్గా తెలుస్తుంది.

మూడు, సుడో ఆప్ట్-గెట్ ఆటోరిమూవ్. దీంతో జాగ్రత్త. ఇది మూటల జోలికి పోదు, పెట్టి ఉన్న సాఫ్ట్‌వేర్‌నే తీస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌కి తోడుగా వచ్చి, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనివి, పాత కెర్నల్‌లు ఇందులోకి వస్తాయి. తీసేముందు జాబితా చూపించి, అవునా కాదా అని అడుగుతుంది. చదవకుండా వై నొక్కొద్దు. మీరు వాడే పేరు ఒక్కటి కనిపించినా ఎన్ నొక్కి, తెలిసినవాళ్ళని అడగండి.

మేము చేసిన వరుస

డిస్కు పూర్తిగా నిండిపోతే అప్‌డేట్ కూడా నడవకపోవచ్చు. కొత్త జాబితాలు రాసుకోవడానికి దానికీ చోటు కావాలి కదా. అందుకని ముందు క్లీన్ కొట్టాం. రెండు సెకన్లలో 5.8 జీబీ వచ్చింది. వెంటనే మూడో పేజీ సేవ్ చేశాం. తర్వాత తీరిగ్గా జాబితా చదువుకుని ఆటోరిమూవ్ చేస్తే, పాత కెర్నల్‌లు పోయి ఇంకో 1 జీబీ దాకా వచ్చింది.

రెండు హెచ్చరికలు. గోదాము ఉన్న వార్ ఫోల్డర్‌లోనే లిబ్, దానిలో డీపీకేజీ అని ఇంకో ఫోల్డర్ ఉంది. ఏమేం పెట్టామో ఆప్ట్ లెక్క అంతా అక్కడే ఉంటుంది. దాన్ని చేత్తో తీసేస్తే కంప్యూటర్‌కి తన సామాను తనకే తెలియకుండా పోతుంది. అందుకే ఈ పనిని కమాండ్లకే వదిలెయ్యాలి. రెండోది, మామూలు ఫైళ్ళను చెత్తబుట్టలో వేస్తే చోటు రాదు. బుట్టను ఖాళీ చేస్తేనే వస్తుంది.

ఆ రోజు మేము చూసింది ఏది పెద్దది, ఏది పాతది అనే. అడగాల్సిన ప్రశ్న వేరే: ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా? లిబ్రెఆఫీస్ మూట పోతే ఎప్పుడైనా దింపుకోవచ్చు. అవ్వ పాడిన పాటని ఏ సర్వర్ నుంచి దింపుకుంటాం?

ఆ పాటలు ఇప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి. ఒకటి విభాగం బీరువాలో, ఒకటి లైబ్రరీలో. మూడో కాపీ మీ ఇంట్లో ఉంచుతామంటే, ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని మధ్యాహ్నం భోజనాల వేళ విభాగానికి రండి. ఎక్కించి ఇస్తాను.