కంప్యూటర్ వేడెక్కిందా? కంగారు పడేముందు మూడు ప్రశ్నలు

మే నెల మధ్యాహ్నం. విజయవాడలో మీ గది. డెస్క్‌టాప్ ఫ్యాన్ హోరెత్తుతోంది. తెరమీద చూస్తే ప్రాసెసర్ వేడి 78 డిగ్రీల సెల్సియస్! గుండె గుభేలుమంటుంది. కొందరు వెంటనే ప్లగ్ పీకేస్తారు. ఇంకొందరు క్యాబినెట్ ఎత్తుకుని షాపుకు పరిగెడతారు. ఒక్క నిమిషం ఆగండి.

నిమిషానికి 130 సార్లు గుండె కొట్టుకోవడం మంచిదా, చెడ్డదా? నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చినవాడికి మామూలే. కుర్చీలో కూర్చున్నవాడికైతే డాక్టరు కావాలి. ప్రాసెసర్ సంగతీ అంతే. అంకె చూడగానే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఏం పని చేస్తోంది? ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 డిగ్రీలు మామూలు. గేమ్ ఆడుతున్నా, వీడియో ఎడిట్ చేస్తున్నా 65 నుంచి 85 దాకా వెళ్లొచ్చు. ఏ పనీ లేకుండానే 75 దగ్గర తిష్ఠ వేస్తే మాత్రం అనుమానించాల్సిందే.

గది ఎలా ఉంది? ఫ్యాన్ ఊదేది ఆ గదిలోని గాలినే. గది 25 నుంచి 40 డిగ్రీలకు చేరితే, అదే పనికి ప్రాసెసర్ వేడి కూడా దాదాపు 15 డిగ్రీలు పెరుగుతుంది. సంక్రాంతినాటి అంకెతో రోహిణి కార్తెను కొలవకండి.

దాని హద్దు ఎంత? చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్‌కు 90. 2022లో వచ్చిన రైజెన్ 7000 రకాల్లో కొన్నింటిని బరువు పనిలో 95 దగ్గర నడిచేలానే తయారుచేశారు. స్నేహితుడి కంప్యూటర్‌తో పోల్చి బెంగపడకండి. మీ మోడల్ హద్దును తయారీదారు వెబ్‌సైట్‌లో చూడండి.

హద్దును తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. మీకు ఈ లక్షణాలు కనిపిస్తే తేలిక పనులతో మొదలుపెట్టండి. పవర్ తీసేసి దుమ్ము దులపండి. క్యాబినెట్‌ను గోడకు దూరంగా జరపండి. ప్రాసెసర్ మీది కూలర్ నాలుగు మూలలా బిగుతుగా కూర్చుందో లేదో చూడండి. చివరగా, ఆ రెంటి మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి. ఒక్కో పని చేశాక మళ్లీ కొలవండి. అన్నీ ఒకేసారి మారిస్తే, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఈ మూడు ప్రశ్నలు మనకూ పనికొస్తాయి. "ఈమధ్య నాకు కోపం ఎక్కువైంది" అని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు అడగండి: నెత్తిన ఎంత పని ఉంది? ఇంట్లో, ఆఫీసులో చుట్టూ ఎంత సెగ ఉంది? నా హద్దు ఎక్కడ? జవాబు దొరికితే చేయాల్సింది కూడా కనిపిస్తుంది. హద్దు దగ్గరపడినప్పుడు వేగం తగ్గించుకోవడం ఓటమి కాదు. రేపు మళ్లీ పనిచేయడానికి అదే దారి.

ఈ రాత్రే మొదలుపెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ఖాళీగా ఉన్నప్పటి వేడి, 20 నిమిషాల బరువు పని తర్వాతి వేడి, గది వేడి... ఈ మూడూ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌కు అంటించండి. ఈసారి ఫ్యాన్ హోరెత్తితే, ప్లగ్ వైపు చెయ్యి వెళ్లేముందు ఆ కాగితం చదవండి.