ఈ-మెయిలులో తెలుగు పాఠము: దర్శనదోషము, పాఠదోషము

తాళపత్రమును గాని రాగిరేకును గాని చదువునప్పుడు పరిష్కర్త ముందుగా వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. అక్షరము నిజముగా నశించినదా, లేక ఉండియు మనకు కనబడుట లేదా? తాళ్లపాక కవుల సంకీర్తనలను రాగిరేకులనుండి వెలికిదెచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషి నెరిగిన తిరుపతి పండితలోకమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నేడు ప్రతుల నకళ్లు, పరిశోధన వ్యాసములు ఈ-మెయిలు ద్వారమున నడచుచున్నవి. తిరుపతిలో ఒక మెయిలు ప్రోగ్రామునుండి పంపిన శ్లోకము చిత్తూరులో మరొకదానియందు వికృతముగా కనబడవచ్చును. అచ్చటను ఈ విచారణయే అవసరము.

1982 నాటి ఈ-మెయిలు నియమములు ఆస్కీ సంకేతములోని 128 స్థానములను ఆధారము చేసికొని యేర్పడినవి. వానిలో తెలుగునకు చోటు లేదు. కావుననే రోమను అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతులు వచ్చినవి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్. అట్టిది. 1992లో వెలువడిన మైమ్ నియమము, ఉత్తరము ఏ సంకేతములో వ్రాయబడినదో దాని శీర్షభాగమునందే ప్రకటించు వీలు కల్పించినది. ఆ ప్రకటన లోపించినను, చదువు ప్రోగ్రాము దానిని పాటింపకున్నను, వచ్చిన సంఖ్యలు అవియే యైనను కనబడు అక్షరములు మారిపోవును.

ఉదాహరణమునకు, యూనికోడు యుటిఎఫ్-8 పద్ధతిలో ‘క’ అనునది 224, 176, 149 అను మూడు బైట్ల సముదాయము. దీనిని పశ్చిమ ఐరోపా సంకేతముగా గ్రహించిన ప్రోగ్రాము ఒక్క ‘క’కు మారుగా మూడు విచిత్ర చిహ్నములను చూపును. ‘శ్రీ’ యందు శ, హల్లు గుర్తు, ర, ఈత్వము అను నాలుగు సంకేతములుండుటచే అది పన్నెండు బైట్లగును.

కనబడు వికృతిని బట్టి దోషమును నిర్ణయింపవచ్చును. విచిత్ర చిహ్నములు కనబడినచో అది ప్రాయికముగా దర్శనదోషము. చూపు సంకేతమును యుటిఎఫ్-8గా మార్చినచో పాఠము మరల దర్శనమిచ్చును. ఖాళీ చతురస్రములు కనబడినచో సంకేతము సరియే గాని, ఆ యంత్రములోని ఫాంటునందు ఆ యాకృతి లేదని గ్రహింపవలెను. యూనికోడు తెలుగు విభాగమున అవగ్రహము 2008లోను, నకారపొల్లు 2021లోను మాత్రమే చేరినవి. పాత ఫాంట్లలో ఇవి లోపించుట సహజము. పూర్వము కొన్ని ఫాంట్లు రోమను అక్షరముల స్థానములలో తెలుగు ఆకృతులను నిలిపినవి. అట్లు వ్రాసిన వ్యాసము ఆ ఫాంటు లేనిచోట అర్థము లేని రోమను అక్షరములుగా కనబడును. ఇదియు నష్టము కాదు; తగిన మార్పిడి ప్రోగ్రాముచే యూనికోడునకు తేవచ్చును.

ప్రశ్నార్థకముల వరుస మాత్రము వేరు. తెలుగు లేని సంకేతమునకు ఉత్తరమును మార్చునప్పుడు, ఇమడని ప్రతి యక్షరమునకు మారుగా ప్రోగ్రాము ప్రశ్నార్థకమును నిలుపును. అప్పుడు మూలసంఖ్యలే పోవును. ఇది లిపికారుడు విడిచిన అక్షరము వంటిది; నిజమైన పాఠదోషము. పంపినవారినుండి మరల తెప్పించుకొనుటయే మార్గము.

ఈ భేదమును గుర్తింపనిచో కలుగు హాని స్వల్పము కాదు. ‘యోఽధర్మః’ అను చోట అవగ్రహము చతురస్రముగా కనబడినదనుకొందము. దానిని అనవసర చిహ్నమని తొలగించి నకలు వ్రాసికొన్నవాడు ‘యో ధర్మః’ అని వ్రాయును. అధర్మము ధర్మమగును. అది పీఠికలోనికో, పాఠాంతరముల పట్టికలోనికో ఎక్కినచో లేని పాఠభేదము శాస్త్రములో నిలిచిపోవును. అట్లే సాదా పాఠముగా పంపిన ఉత్తరములలో కొన్ని ప్రోగ్రాములు దీర్ఘపంక్తులను నడుమ విరుచును. సీసపాదము రెండుగా చీలినప్పుడు దానిని కవికృతమని గాని, ప్రతిలోని విభాగమని గాని భావింపరాదు.

కావున వికృతముగా వచ్చిన ఉత్తరమును దిద్ది ముందునకు పంపరాదు, మూలమును తొలగింపరాదు. పద్యములను, శ్లోకములను యూనికోడు పాఠముగాను, ఫాంటు పొదిగిన పిడిఎఫ్ ప్రతిగాను రెండు విధముల పంపుట శ్రేయస్కరము. మొదటిది వెదకుటకు, రెండవది సరిచూచుటకు ఉపకరించును. పాఠాంతరమని నమోదు చేయుటకు పూర్వము, అది ప్రతిలోని భేదమో యంత్రము చూపిన భేదమో తేల్చుట ఇకపై పరిష్కర్త ధర్మములలో నొకటి.