క్రియ మింగకుండా వ్యాఖ్యానం

కొండపల్లి బొమ్మల తయారీ మీద చిన్న వీడియో ఎడిట్ చేశారనుకుందాం. ఇక మిగిలింది వ్యాఖ్యానం. చాలామంది ఫోన్‌లో విడిగా చదివేసి, తర్వాత దృశ్యాలకు అతికిస్తారు. నా మాట వింటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే దృశ్యం చూస్తూ చదవండి. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. "తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి చెక్కుతారు" అన్నప్పుడు 'చెక్కుతారు' దగ్గరికి వచ్చేసరికి తెర మీద ఉలి ఆడుతూ ఉండాలి. దృశ్యం కళ్లముందుంటే గొంతే ఆ వేగం అందుకుంటుంది.

ఉచితంగా దొరికే డావిన్సీ రిజాల్వ్ ఈ పనికి చాలు. అందులో శబ్దం పని జరిగే పేజీ ఫెయిర్‌లైట్. 1975లో సిడ్నీలో పుట్టిన ఆడియో సంస్థ పేరది. 2016లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ సంస్థను కొని, రిజాల్వ్‌లో కలిపేసింది.

ముందు గది సంగతి. ఫ్యాన్, ఏసీ ఆపండి. మైకు మీ గొంతుతోపాటు మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే ధ్వనిని కూడా వింటుంది. కాబట్టి బొంతో దుప్పటో కట్టాల్సింది మీ వీపు వెనక. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. సూటిగా పెడితే ప, భ, ఫ పలికినప్పుడల్లా గాలి వచ్చి కొడుతుంది.

ఇప్పుడు ఫెయిర్‌లైట్‌లో కొత్త మోనో ట్రాక్ చేర్చండి. మిక్సర్‌లో ఆ ట్రాక్ ఇన్‌పుట్ తెరిచి, మైకును దానికి ప్యాచ్ చేయండి. ట్రాక్ మీది 'ఆర్' బటన్ నొక్కితే అది రికార్డింగ్‌కు సిద్ధం. గట్టిగా పలికిన చోట కూడా మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్యే ఆగాలి. ఫైళ్లు ఏ ఫోల్డర్‌లోకి వెళ్తున్నాయో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ముందే చూసుకోండి. వీడియో శబ్దం మైకులోకి రాకుండా హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

ఒక్కో పేరా విడిగా చదవండి. తప్పు పోతే ఆపి, ప్లేహెడ్‌ను వెనక్కి జరిపి, అదే ట్రాక్‌లో మళ్లీ చదవండి. పాతది చెరిగిపోదు, కింద పొరగా ఉంటుంది. వ్యూ మెనూలో ఆడియో ట్రాక్ లేయర్స్ తెరిస్తే పొరలన్నీ కనిపిస్తాయి, వినపడేది పైనున్నదే. ఏ పొర బాగుందో తేల్చేటప్పుడు నేను ముందు వినేది వాక్యాల చివరలనే. ఊపిరి అయిపోయి 'చెక్కుతారు' కాస్తా 'చెక్కుతా' దగ్గర ఆరిపోతే, వాక్యంలో అసలు విషయమే పోయినట్టు. లేని అక్షరాన్ని కంప్రెసర్ తెచ్చిపెట్టలేదు. అలాంటప్పుడు ఆ ఒక్క మాట కాదు, వాక్యం మొత్తం మళ్లీ చదవాలి, లేకపోతే అతుకు వినపడుతుంది.

లేచే ముందు అర నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డ్ చేసుకోండి. కోసిన చోట్ల ఆ గది నిశ్శబ్దాన్ని నింపొచ్చు.

ఆపైన ఈక్యూలో 80 హెర్ట్జ్ కింది గుర్రుమనే ధ్వనిని తీసేసి, సంగీతం తగ్గించి, ఫోన్ స్పీకర్‌లో వినండి. చాలామంది చూసేది ఫోన్‌లోనే. చింతగింజల పొడితో చేసే 'మక్కు' పేరు అందులో స్పష్టంగా వినపడకపోతే సంగీతాన్ని ఇంకాస్త దించండి, గొంతును పెంచకండి.